క్రిస్టియానాకు కత్తి ఎందుకివ్వలేదు?

జాన్ బన్యన్ తన కథానాయకుడికి కత్తి ఇచ్చాడు. డాలూ, శిరస్త్రాణమూ ఇచ్చాడు. రాక్షసుడితో పూటకు పైగా పోరాడే సత్తువా ఇచ్చాడు. ఆ కథానాయకుడి భార్యకు మాత్రం ఒంటికి తెల్లని నారబట్టలు ఇచ్చి, నలుగురు మగపిల్లల్ని వెంటబెట్టి, అదే దారిన నడవమన్నాడు. నవలలు రాసుకునేదాన్ని కదా, ఎవరి పుస్తకం చదివినా నా కళ్ళు ముందుగా ఇలాంటి లెక్కల మీదికే పోతాయి. ఆవిడకు కత్తి ఎందుకివ్వలేదు? మరచిపోయాడా? అక్కర్లేదనుకున్నాడా?

పుస్తకం పేరు మీరు వినే ఉంటారు. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో 'యాత్రికుని ప్రయాణము'. కాలేజీలో ఇంగ్లీషు చదివిన వాళ్ళకు 'పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్'. మొదటి భాగం 1678లో, రెండో భాగం 1684లో అచ్చయ్యాయి. క్రిస్టియన్ అనే మనిషి వీపున పాపాల మూట మోసుకుంటూ, నాశనం కాబోతున్న తన ఊరు వదిలి దివ్యనగరానికి బయల్దేరతాడు. భార్యాపిల్లలు వెనకనుంచి పిలుస్తుంటే చెవుల్లో వేళ్ళు పెట్టుకుని పరుగెత్తుతాడు. (ఈ చోట పుస్తకం మూసెయ్యబుద్ధి పుట్టిన ఆడవాళ్ళు ఈ మూడు వందల ఏళ్ళలో ఎంతమందో!) దారిలో నిరాశ అనే ఊబి, ఆడంబరాల సంత, అనుమానాల కోటలో కాపురముండే దిగులు రాకాసి... అన్నీ మనసులోని భయాలకూ ఆశలకూ బన్యన్ తొడిగిన వేషాలే. అతను పరలోకం చేరాక ఇక్కడ మిగిలిపోయిన భార్య క్రిస్టియానా, మొగుణ్ణి ఎన్ని మాటలన్నానో అని కుమిలి, పిల్లల్ని తీసుకుని తానూ బయల్దేరుతుంది. అది రెండో భాగం. నా బి.ఎ. చదువులో మొదటి భాగంలోంచి యుద్ధం ముక్క పాఠంగా ఉండేది. రెండో భాగమనేది ఒకటుందని చెప్పిన వాళ్ళే లేరు.

యుద్ధమంటే మా హొళగుందలో ఎవరికైనా ముందు దేవరగట్టే గుర్తొస్తుంది. దసరా రాత్రి ఆ కొండమీద మాళమ్మకూ మల్లేశ్వరుడికీ కల్యాణం. ఆ తర్వాత ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్ళకు ఊళ్ళు కర్రలతో తలపడతాయి. మణి, మల్లాసురుడనే రాక్షసుల్ని స్వామి సంహరించిన కథకు అది గుర్తు అంటారు. పోలీసులు ఏటా వద్దంటూనే ఉంటారు, తలలు ఏటా పగులుతూనే ఉంటాయి. గాయానికి బండారు అద్దుకుని మగవాళ్ళు తెల్లారి ఇళ్ళకొస్తారు. ఆ తర్వాత కట్లు కట్టేదీ, పథ్యం వండేదీ ఎవరో మీకు వేరే చెప్పక్కర్లేదు. రాక్షసుడనే వాడు కంటికి కనపడాలి, చేతికి అందాలి, అప్పుడే అది యుద్ధమని మన మనసుల్లో పాతుకుపోయింది. బన్యన్ మొదటి భాగంలో అపోలియన్ అలాంటివాడే. ఒంటినిండా చేప పొలుసులు, ఎలుగు పాదాలు, సింహం నోరు. క్రిస్టియన్ వాడితో వినయపు లోయలో కత్తి దూస్తాడు. పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. నేనూ అలాగే చదివాను.

కానీ బన్యన్‌కు ఈ కవచం ఎక్కడిదో ఒక్కసారి చూడండి. బైబిల్లో ఎఫెసీయులకు పౌలు రాసిన పత్రిక ఉంది. (ఉత్తరాన్ని తెలుగు బైబిలు 'పత్రిక' అనే అంటుంది. పౌలు కూడా మనలాగే పత్రికలకు రాసినవాడే అని ఒక పాస్టరుగారి భార్యతో అంటే ఆవిడ పడీపడీ నవ్వింది.) ఆ పత్రిక చివర్లో సత్యమనే దట్టీ, నీతి అనే మైమరుపూ, విశ్వాసమనే డాలూ అంటూ ఒక్కొక్కటే తొడిగిస్తాడు. కాళ్ళకు చెప్పులు కూడా చెప్పాడు. అవి సమాధానపు చెప్పులు! యుద్ధానికి పోయేవాడికి శాంతి తొడిగి పంపడం నాకు తమాషాగా తోచింది. మన పోరాటం రక్తమాంసాలున్న మనుషులతో కాదని కూడా అక్కడే గట్టిగా చెబుతాడు. సరే, ఇదంతా ప్రసంగాల్లో వినేదే. ఎవరూ ఎత్తి చూపనిది ఏమిటంటే, ఆ కవచానికి సరిగ్గా ముందున్న పేరాలు దేన్ని గురించి? భార్యాభర్తలు ఒకరితో ఒకరు ఎలా ఉండాలి, పిల్లలకు తండ్రులు కోపం పుట్టించకూడదు, పనివాళ్ళను యజమానులు బెదిరించకూడదు. ఇల్లు, ఇల్లు, ఇల్లు. ఇంటి సంగతులన్నీ ముగించి, ఊపిరి తీసుకుని, ఇక కవచం తొడుక్కోండి అంటాడు. యుద్ధభూమి ఏదో అంతకంటే ఎలా చెప్పాలి?

మన పెద్దలు కామక్రోధాదుల్ని అరిషడ్వర్గమన్నారు. అరి అంటే శత్రువే. అక్కడా యుద్ధం మాటే, కాకపోతే ఆ ఆరుగురూ మన లోపలే కాపురం పెట్టినవాళ్ళు. క్రైస్తవులు సైతాను బయటా ఉన్నాడంటారు, లోపలికి వచ్చి మాట్లాడతాడంటారు. అది వాళ్ళ విశ్వాసం, నేను కాదనను. దానితో ఒక చిక్కుంది. బయట ఉన్నాడనగానే మన చూపు ఎదుటి మనిషి మొహం మీదికి పోతుంది. ఆదోనిలో నాకు తెలిసిన ఇంట్లో ఇలాగే జరిగింది. వదినా ఆడపడుచూ వంటగది గొడవలతో మాటలు మానేసుకున్నారు. ప్రార్థనకు వచ్చిన ఎవరో, ఈ ఇంట్లో దుష్టాత్మ పనిచేస్తోందన్నారట. మంచిదే, అన్నవాళ్ళ ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ దుష్టాత్మ ఆడపడుచులో ఉందని ఈవిడా, వదినలో ఉందని ఆవిడా రూఢి చేసుకున్నారు. అంతకుముందు గొడవ పులుసులో ఉప్పు దగ్గరే ఉండేది. ఇప్పుడు ఇద్దరూ ఉపవాసాలుండి మరీ ఒకరి మీద ఒకరు ప్రార్థనలు చేసుకుంటున్నారు! పౌలు వద్దన్నది సరిగ్గా ఇదే.

దీనికి విరుగుడు నాకు మా ఊళ్ళోనే దొరికింది. వానలు మొహం చాటేసిన ఏడు మా పక్కనుంచి కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి పోతాయి. సుగ్గి అంటే వలస పని. గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికి పోయేవాళ్ళే ఎక్కువ. అలా పోయొచ్చిన ఒక క్రైస్తవురాలు, యాభై దాటిన మనిషి, నేను పనిగట్టుకుని అడగ్గా చెప్పింది. "సైతాను నాకు యాడ కనపడతాడో తెలుసామ్మా? కూలి పంచుకునే తావ. మా తోటికోడలు రెండు దినాలు జరమొచ్చి పండుకునింది. దానికీ పాలు ఇయ్యల్లా వద్దా అని గుండెకాయలోనే కొట్లాట. ప్రార్థన చేసినా నిలవల్యా. దుడ్లు దాని చేతిలో పెట్టినంక నిద్రపట్టె." అపోలియన్ లేడు, పొలుసుల్లేవు. రెండు రోజుల కూలి, ఒక రాత్రి నిద్ర. ఇంతకంటే పెద్ద యుద్ధఘట్టం నేను నా నవలల్లో ఒక్కటీ రాయలేదు.

ఈ మాట విన్నాక రెండో భాగం తీసి మళ్ళీ చదివాను. బన్యన్‌కు ఈ సంగతి తెలుసు! మొదటి భాగం రాసినప్పుడు కాకపోయినా ఆరేళ్ళ తర్వాత తెలిసింది. క్రిస్టియానా బయల్దేరుతుంటే పక్కింటి పిరికమ్మ వచ్చి వద్దని నచ్చజెబుతుంది. వినకపోయేసరికి తన స్నేహితురాళ్ళ దగ్గరికి పోయి కచేరీ పెడుతుంది. గబ్బిలం కళ్ళావిడ, ఆలోచన లేనావిడ, తేలిక బుద్ధావిడ, ఏమీ తెలియనావిడ... పేర్లు అలాగే పెట్టాడు మహానుభావుడు. అపోలియన్ నిప్పులకంటే ఈ అరుగుమీద మాటలు తక్కువేం కాల్చవు. ఆ తర్వాత దారిపక్క గోడమీంచి వేలాడే పళ్ళు పిల్లలు కోసుకు తింటారు. తల్లి వద్దురా అని కేకలేస్తుంది, వినరు. ఆ తోట శత్రువుదని ఆవిడకు తెలీదు. పెద్దవాడు మాథ్యూకు కొన్నాళ్ళకు కడుపులో మెలికలు తిప్పే నొప్పి. వైద్యుడు మందిస్తే చేదని మింగడు. అప్పుడు ఆ తల్లి మాత్రను తన నాలిక చివర తాకించి, తేనెకంటే తియ్యగా ఉందిరా అంటుంది. సైతాను తోటలో పండు దగ్గర మొదలైన కథ తల్లి నాలిక దగ్గర తీరింది. పదిహేడో శతాబ్దపు మగవాడు, పాత్రలకు మాట్లు వేసుకునే వృత్తిలో పుట్టినవాడు, ఈ నాలిక చివరను ఎక్కడ చూశాడా అని ఆశ్చర్యపోయాను.

అన్నిటికీ మించి ఆ లోయ. మొగుడు అపోలియన్‌తో పోరాడిన వినయపు లోయకు భార్య వస్తుంది. మనం ఊపిరి బిగబడతాం. అక్కడేముంది? పచ్చిక, గొర్రెలు, చిరుగుబట్టలతో పాడుకుంటున్న కాపరి పిల్లాడు. వాళ్ళకు దారి చూపించే గ్రేట్‌హార్ట్, ఈ చుట్టుపక్కల ఇంత సారవంతమైన నేల లేదనీ, దిగేటప్పుడు క్రిస్టియన్ కాలు జారడం వల్లే అతనికి ఆ పోరాటం వచ్చిందనీ చెబుతాడు. వెంట వచ్చిన మెర్సీ అనే పిల్లకు ఆ చోటు ఎంతో నచ్చుతుంది. తల వంచడం మగవాడికి మహాయుద్ధమైంది, ఆడవాళ్ళకు అలవాటైన పొలమైంది. దీన్ని మెచ్చుకోవాలో, అలవాటు చేసినవాళ్ళను తిట్టుకోవాలో నాకింకా తేలలేదు.

తేలిన చోటు ఒకటుంది. దారి మొదట్లోనే క్రిస్టియానా, మెర్సీల మీద ఇద్దరు దుర్మార్గులు పడతారు. అది లోపలి శత్రువు కాదు, పైకే కనపడే మగబుద్ధి. ఆ ఇద్దరూ మౌనంగా ప్రార్థించలేదు, గొంతు చించుకుని అరిచారు. సాయం వచ్చింది. వచ్చిన మనిషి మాత్రం, తోడు కావాలని ముందే అడగాల్సింది కదమ్మా అన్నాడు. చూశారా, తప్పు చివరికి ఎవరి మీదికి వచ్చిందో! ఇక్కడ నాకు బన్యన్ మీద కోపమే వచ్చింది. అయినా ఆ అరుపు రాసినందుకు దణ్ణం పెడతాను. మొగుడు తాగొచ్చి కొడుతుంటే మోకరించి సైతానుతో పోరాడమని మాత్రమే సలహా చెప్పేవాళ్ళుంటారు. వాళ్ళకు ఈ పేజీ చదివి వినిపించాలి. లోపలి కోపానికి ప్రార్థన సరే, పైబడే చేతికి ఇరుగుపొరుగు వినేలా అరవాలి.

బన్యన్‌కు అడిగే ఆడదెవరో తెలియక కాదు. అనుమతి లేకుండా ప్రసంగాలు చేశాడని 1660లో ఆయన్ను బెడ్‌ఫర్డ్ జైల్లో వేశారు. పన్నెండేళ్ళు అందులోనే. రెండో భార్య ఎలిజబెత్ అప్పుడు నిండు కడుపుతో ఉంది. ఆ వార్తకు నొప్పులొచ్చి పుట్టిన బిడ్డ పోయింది. సవతి పిల్లలు నలుగురు, అందులో ఒక పిల్లకు చూపులేదు. ఆ పచ్చి ఒంటి మీదే కోలుకుని 1661లో జడ్జీల ముందు నిలబడి భర్త కోసం వాదించింది. పని జరగలేదు. కానీ నిలబడింది. ఆమె చేతిలోనూ కత్తి లేదు. రెండో భాగం రాస్తున్నప్పుడు ఆయన కళ్ళముందు ఎవరున్నారో చెప్పడానికి నేను సాక్ష్యాలు వెతకను.

ఇంత మెచ్చుకున్నాక ఒక్క లోటు చెప్పకపోతే విమర్శ రాసి ఏం లాభం? మెర్సీకి దారిలోనే మాథ్యూతో పెళ్ళవుతుంది. అంటే క్రిస్టియానాకు కోడలు. ఆ తర్వాత ముగ్గురు కొడుకులకూ పెళ్ళిళ్ళు. ఒక అత్త, నలుగురు కోడళ్ళు, అన్నాళ్ళు కలిసి నడిచి ఒక్కసారైనా మాటా మాటా అనుకోలేదంటే నేను నమ్మను! రాకాసుల తలలు కొట్టించడం వచ్చిన రచయితకు అత్తాకోడళ్ళ మధ్య ఒక మూతి విరుపు రాయడం చేతకాలేదు. ఆ పని సి.ఎస్. లూయిస్ చేశాడు. 1941లో ఒక క్రైస్తవ వారపత్రికలో వారం వారం రాసి మరుసటేడు పుస్తకంగా తెచ్చిన 'స్క్రూటేప్ లెటర్స్'లో ముదురు సైతాను ఒకడు మేనల్లుడికి ఉత్తరాలు రాస్తాడు. నీ మనిషి తల్లి ఆత్మ కోసం ప్రార్థన చేసుకోనీ, ఆమె కీళ్ళనొప్పుల సంగతి మాత్రం తలుచుకోనీకు అంటాడు. ఇంట్లో మాటకంటే మాట విరుపులో ఉంది మన పనంతా అంటాడు. నాకు ఎక్కువేం వద్దు, పల్చటి టీ, చిన్న రొట్టెముక్క చాలంటూ, అది సరిగ్గా కుదిరేదాకా ఇంటిల్లిపాదినీ తిప్పే తల్లిని చూపించి, అదీ తిండిపోతుతనమే అని సంబరపడతాడు. అప్పటికి బ్రహ్మచారి అయిన మనిషికి ఇవన్నీ ఎలా తెలిశాయో! చదువుతుంటే నాకు మా బంధువుల్లో ముగ్గురు గుర్తొచ్చారు. నాలుగో మనిషి పేరు చెప్పను.

రెండో భాగం చివర క్రిస్టియానాకు నది దాటి రమ్మని కబురొస్తుంది. గుర్తుగా ఒక బాణం. దాని మొన ప్రేమతో పదునుపెట్టింది, మెల్లగా గుండెలో దిగేది. పుస్తకమంతటిలో ఆమెకు దక్కిన ఆయుధం అదొక్కటే. పిల్లల్ని దీవించి వెళ్ళిపోతుంది. కొడుకులూ కోడళ్ళూ ఇవతలి గట్టునే ఉండిపోతారు. కుదిరితే వాళ్ళ కథ మరెప్పుడైనా చెబుతానన్నట్టు రాసి బన్యన్ పుస్తకం ముగించాడు. 1688లో కన్నుమూశాడు. ఆ నలుగురు తోటికోడళ్ళ కథ రాయనే లేదు.