పడవవాని పొదుపు

తూర్పున వైనగంగయు పడమట వార్ధానదియు పారుచుండగా చాలవరకు వాని నడుమ నొదిగియున్న చాందా మండలము, 1964 నుండి చంద్రపూర్ అని వ్యవహరింపబడుచున్న యీ సీమ, బొగ్గుగనులకును, తాడోబా పులులకును, దుస్సహమైన వేసవికిని ప్రసిద్ధి కెక్కినదే గాని, దీని చెరువులందు సూర్యోదయము మొదలు సాయంసంధ్య వరకు పడవ నడుపు జాలరుల విద్యను గూర్చి ముచ్చటించువారు తక్కువ. చెరువు త్రవ్వించినవారికి భూములిచ్చి సత్కరించిన గోండురాజుల కాలమునుండి, మాల్గుజారుల యేలుబడిలో వర్ధిల్లి, 1950వ సంవత్సరపు శాసనముచే ఆ భూస్వాముల హక్కులు రద్దయిన పిమ్మట ప్రభుత్వపరమైన యీ జలాశయములు చాలవరకు లోతు తక్కువవి. అడుగున మోడులును, పైన తామరలును, నాచును గలవి. మండలములోని రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలోనిది. 1929లో కాజీపేట బల్లార్షా రైలుమార్గము పూర్తి యగుటతో ఢిల్లీ మద్రాసులు నేరుగా కలిసినవి. ఆ మార్గమున గనులకును కాగితపు మిల్లునకును వచ్చి బల్లార్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకములు. కావున వాలుగ, కొఱ్ఱమట్ట, బొచ్చె అను పేర్లు ఈ నీటియొడ్డున వినబడుట వింత కాదు.

గడకోలతోను తెడ్డుతోను మాత్రమే పడవ నడుపువానికి తన భుజబలమే మూలధనము. అది మధ్యాహ్నమునకే వ్యయమైపోయినచో వల లాగుట కేమియు మిగులదు. అందుచే ఆరితేరిన జాలరి ప్రాతఃకాలమున గాలి మందముగా నున్నప్పుడే దాని కెదురుగా, గట్టు చాటునను చెట్ల నీడనను మెల్లగా సాగి చెరువు ఆవలి కొసకు చేరుకొని, పొద్దెక్కి గాలి ముదిరిన వెనుక ఆ గాలినే తన సేవకునిగా జేసికొని, పడవను దానికి వదలి, దారి పొడవునను గాలము వేయుచునో వల విసరుచునో ఇంటివైపునకు తేలివచ్చును. ఒకచోట నిలువవలసినపుడు తెడ్డు వేయుచు నిలువడు. త్రాటికి కట్టిన రాతిని దించి నిలుచును. ప్రయాణమునకు గాలినీ నీటినీ, ఆగుటకు రాతినీ నియోగించి, తన బలమును మలుపుటకును సరిదిద్దుటకును మాత్రమే వెచ్చించుట ఈ విద్యకు ప్రాణము. నేడు పడవకు విద్యుత్తు మోటారు తగిలింపగోరు వారందరును మొదట నేర్వవలసినది ఇదియే యని నా దృఢవిశ్వాసము.

విద్యుత్తుతో పడవ నడుపుట నిన్న మొన్నటి సంగతి కాదు. 1838లోనే యాకోబి అను శాస్త్రజ్ఞుడు సెయింట్ పీటర్స్‌బర్గులో నేవానదిపై బ్యాటరీలతో పడవ నడిపెను. 1859లో ఫ్రాన్సు దేశీయుడగు గాస్తోన్ ప్లాంటే మరల మరల నింపుకొనదగిన సీసపు బ్యాటరీని నిర్మించెను. వేటగాని చిన్న పడవకు తగిన మోటారు మాత్రము 1934లో అమెరికాలోని ఫార్గో పట్టణమున పుట్టినది: ఓ. జి. ష్మిట్ అను నాతడు ఫోర్డు కారు స్టార్టరు మోటారునకు వంగుడు గల కాడయు రెక్కలును అమర్చి దానిని కల్పించెను. ట్రోలింగ్ మోటారు అని పిలువబడు ఈ సాధనము చప్పుడు చేయక, పొగ విడువక, చేపను బెదరింపక మెల్లగా సాగును. దానికి గల దౌర్బల్యమంతయు బ్యాటరీయందే యున్నది.

బ్యాటరీపై 100 ఆంపియర్ అవర్లు అని ముద్రించియుండుట చూచి, 50 ఆంపియర్లు లాగు మోటారు దానిపై రెండు గంటలు నడుచునని కొనువారు లెక్క వేసికొందురు. ఆ సంఖ్య సాధారణముగా ఇరువది గంటలపాటు మెల్లగా, అనగా 5 ఆంపియర్ల చొప్పున వాడుకొన్నపుడే సత్యము. ఎడ్లను అదలించి తోలిన బండి సగము దారిలో నిలిచిపోవునట్లు, వడిగా లాగినకొలది సీసపు బ్యాటరీ ఇచ్చు మొత్తమే తగ్గిపోవును. ప్యూకెర్ట్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1897లో ఈ తరుగుదలకు సూత్రమును కట్టెను. ఆ లెక్కను బట్టి 50 ఆంపియర్ల ధాటికి అది గంటకు కొంచెము మించి మాత్రమే నిలుచును. 10 ఆంపియర్లతో తృప్తిపడినచో ఎనిమిది గంటల వరకు రాగలదు. దానిని అడుగంట పీల్చినచో ఆయుస్సు క్షీణించును గావున సగమే వాడుకొనవలెను. అప్పుడు మొదటివానికి దక్కునది అరగంట, రెండవవానికి దక్కునది నాలుగు గంటలు!

దీనికి తోడు నీటి స్వభావమొకటి కలదు. పడవవేగము రెట్టింపు కావలెనన్న దానిని నెట్టు శక్తి సుమారు ఎనిమిది రెట్లు కావలెను. వేగమును సగము చేసికొన్నచో కాలము రెట్టింపైనను, అదే దూరమునకు వ్యయమగు శక్తి నాల్గవవంతునకు దిగును. లోతు లేని చెరువులో నీరు మఱింత బిగబట్టును. కాబట్టి గాలి కెదురుగా ఒకచోట నిలువగోరువాడు మోటారును ఆపి, పడవ కొట్టుకొనిపోయిన పిదప పూర్తివేగముతో వెనుకకు వచ్చుటకంటె, అల్పవేగమున ఎడతెగక నడుపుచు నిలుచుట మేలు. రాతిని దించి మోటారును ఆపివేయుట అంతకంటెను మేలు.

మోటారును కొనునపుడు పాత పద్ధతిలో తీగచుట్టలతో వేగము తగ్గించు రకము కంటె, విద్యుత్తును స్వల్పక్షణములలో తెంచి తెంచి పంపు నియంత్రణము గల రకమును ఎన్నుకొనవలెను. మొదటిది మెల్లగా నడచునప్పుడు సైతము మిగిలిన శక్తిని వేడిగా మార్చి వృథా చేయును. మోటారు పడవ ముక్కున నుండి లాగినచో గాలిలో దారి తప్పుట తక్కువ. తీగలు పొట్టివిగాను లావుగాను ఉండవలెను. బిగువు లేని కొనలును, వానిపై పేరుకొన్న తెల్లని పచ్చని చిలుమును కంటికి కానరాని దొంగలు. బ్యాటరీ దాపున ఫ్యూజు ఉండి తీరవలెను. గుఱ్ఱపుడెక్కలోనో తామరలలోనో ప్రవేశించినపుడు రెక్కలకు తీగలు చుట్టుకొని మోటారు మఱింత విద్యుత్తును పీల్చును గావున దానిని పైకెత్తి గడను చేతబట్టుటయే ఉచితము. చంద్రపూర్ చెరువులలో గడ లేని మోటారుపడవను నేను పూర్ణమైన పడవగా నెంచజాలను.

కారును స్టార్టు చేయు బ్యాటరీ ఈ పనికి రాదు. పలుచని రేకులు గల ఆ జాతి క్షణికమైన పెద్దధాటికి పుట్టినది. ఇప్పుడు ఈ-రిక్షాల మూలమున పట్టణములలో దొరకు బ్యాటరీ లోతుగా వాడుకొనుటకు తగినదే గాని, పడవ ఒరిగినపుడు ఆమ్లము చిందకుండ నిలువుగా బిగింపవలెను. నీరు పోయనక్కరలేని మూతవేసిన రకము పడవలో క్షేమకరము. దినారంభమున, నింపి కొంతసేపు విశ్రమింపజేసిన పిదప 12.7 వోల్టుల దాపున చూపు బ్యాటరీ, అట్లే విశ్రాంతిలో 12.2 చూపినచో సగమైనదని గ్రహించి ఇంటిదారి పట్టవలెను. చేపలున్న తావును చూచుకొను యంత్రమునకు వేరొక చిన్న బ్యాటరీ పెట్టుట వివేకము.

మే నెలలో 45 డిగ్రీలు దాటుట చంద్రపూర్‌నకు అరుదు గాదు. వేడి పది డిగ్రీలు పెరిగినపుడెల్ల సీసపు బ్యాటరీ ఆయుస్సు సుమారు సగమగునందురు. కావున ఎండ సోకని, గాలి యాడు కొయ్యపెట్టెలో దానినుంచి, నింపునపుడు ఉదజని వాయువు పోగుపడకుండ తెరపి గల చోట నింపవలెను. పడవ ఒడ్డు చేరిన రాత్రియే నింపుట ముఖ్యము: సగము ఖాళీగా వారము రోజులు మూలనుంచినచో రేకులపై సల్ఫేటు గట్టిపడి మరల కరగదు. ఆంపియర్ అవర్ల సంఖ్యలో పదవవంతు ధాటితో, తొందర లేక నింపుట వాడుక. నీరు పోయవలసిన రకమునకు డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. మన బావినీరు ఉప్పును తెచ్చి రేకులను చెరచును.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకము బరువులో సగమునకు తక్కువై, శక్తిలో నూటికి ఎనుబది పాళ్ళకు పైగా ఇచ్చి, వడిగా లాగినను అంతగా తరుగక నిలుచును. ధర యొకటే ప్రతిబంధకము. ఐనను, గాలిని నమ్మి సాగనివానికి అదియు సాయంకాలమునకు చాలదు.

వేటకు వెళ్లువారు ఆ చెరువు ఏ సహకారసంఘము పరమై యున్నదో, అడవిలోని జలాశయములో వేట నిషిద్ధమో కాదో ముందుగా కనుగొనవలెను. ఆయుస్సు తీరిన బ్యాటరీని గట్టుమీద పారవేయుట మహాపరాధము. దానిలోని సీసమును గంధకామ్లమును చెరువులోనికి ఇంకును. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనలు దానిని సేకరించు సంస్థకో, పునర్వినియోగశాలకో చేర్పవలెనని విధించుచున్నవి. పాత సీసమునకు ధర కూడ పలుకును గావున క్రొత్తది కొనునపుడు పాతదానిని అంగడికి మోసికొని పోవుటయే సులభమైన పని.