పైపు లాగే చేతినడిగి రీలు కొనాలి

బండ్లు కడిగే షెడ్డులో పంపు గురించి మాట్లాడతారు, గన్ను గురించి మాట్లాడతారు, నురగ బాగా వచ్చే షాంపూ గురించి కూడా మాట్లాడతారు. రోజంతా నేలమీద పడుండే పైపు ఊసు ఎవరూ ఎత్తరు. కడిగే మనిషి ఒంటితో ఎక్కువ పని చేయించేది ఆ పైపే. బండి చుట్టూ తిరిగినప్పుడల్లా దాన్ని లాగాలి. టైరు కింద ఇరుక్కుంటే వంగి తీయాలి. పొద్దుపోయాక చుట్టలు చుట్టి మేకుకు తగిలించాలి. బెజవాడ ఆటోనగర్ లాంటి చోట లారీలు, ట్రాక్టర్లు వరసకట్టే షెడ్డులో ఈ లాగుడు ఎంత ఉంటుందో నడుం పట్టేసిన కుర్రాళ్లనడిగితే తెలుస్తుంది. తనంతట తానే పైపు చుట్టుకునే స్ప్రింగు రీలంటే నాకింత పట్టింపు అందుకే.

బజారులో ‘ఆటోమేటిక్ రీలు’ అని అడిగితే చూపించేవన్నీ ఈ పనికి రావు. తోటకు నీళ్లు పెట్టే ప్లాస్టిక్ రీళ్లుంటాయి, గాలి కొట్టే పైపు కోసం చేసినవుంటాయి. ముందు చూడాల్సింది రీలు తట్టుకునే ప్రెజరు అంకె. మన చిన్న షెడ్లలో చాలామంది పొలంలో మందు కొట్టే హెచ్‌టీపీ పంపుతోనే బండ్లు కడుగుతారు. అది 30, 40 బార్ల దాకా ఇస్తుంది. పెద్ద ప్రెజర్ వాషర్లయితే 150 నుంచి 200 బార్లు. 200 బార్లంటే సుమారు 2,900 పీఎస్ఐ. గాలికని చేసిన 20 బార్ల రీలు హెచ్‌టీపీ పంపుకే చాలదు, ఇక వాషరుకు ఏం ఆగుతుంది? మెషీను ఇవ్వగలిగిన ప్రెజరు కంటే రీలు, పైపు, జాయింట్లు అన్నీ ఎక్కువకు తట్టుకోవాలి. ఇక్కడ డబ్బు మిగిల్చే ఆలోచన పనికిరాదు. పగిలిన పైపులోంచి సన్నగా చిమ్మే ధార చర్మాన్ని దూసుకుని లోపలికి పోతుంది. పైకి సూదిపోటంత గాటే కనబడుతుంది, లోపల కండ దెబ్బతింటుంది. ఇంత పసుపు అద్ది ఊరుకునే గాయం కాదది, అప్పటికప్పుడు ఆసుపత్రికి పోవాలి.

డ్రమ్ము రేకు మందం తట్టి చూసి మెచ్చుకునే యజమానులున్నారు. నేను మాత్రం నేరుగా ఇరుసు దగ్గరికి పోతాను. కదలకుండా ఉన్న పైపులోంచి తిరిగే డ్రమ్ములోకి నీళ్లు పంపేది అక్కడుండే స్వివెల్ జాయింటు. దాని లోపలి సీళ్లు అరిగితే ముందు చుక్కలు కారతాయి, తర్వాత ధార కడుతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో మామూలు ఇనుప జాయింటు తొందరగా తుప్పు పడుతుంది. ఇత్తడిదో స్టెయిన్‌లెస్ స్టీలుదో తీసుకోవాలి. పంపు నుంచి వచ్చే ఇనుప పైపును తెచ్చి నేరుగా రీలుకు బిగించేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పిస్టన్ పంపు కొట్టే ప్రతి దెబ్బా ఆ ఇనుము గుండా వచ్చి స్వివెల్‌ను కుదుపుతుంది. నడుమ అంతే ప్రెజరు తట్టుకునే వంగే పైపు ముక్క ఒకటి వేస్తే ఆ అదురు అందులోనే తగ్గిపోతుంది.

పైపు ఎంత పొడుగుండాలి? పన్నెండు మీటర్ల లారీ నిలబడే చోట, రీలు ఆ పొడవుకు సరిగ్గా మధ్యన పైన వేలాడితే 15 మీటర్లతో నాలుగు మూలలూ అందుతాయి. మూలన గోడకు బిగిస్తే చాలదు. 30 మీటర్లు దాటాలంటే స్ప్రింగు రీలు మాటే వద్దు, చేత్తో తిప్పేదో మోటారుతో తిరిగేదో నయం. లోపలి బెజ్జం పావు అంగుళం ఉన్న పైపు తేలిగ్గా ఉంటుంది, నిజమే. కానీ అవే నీళ్లు పోనిస్తే, 3/8 అంగుళం పైపుతో పోల్చినప్పుడు అందులో ప్రెజరు నష్టం ఏడెనిమిది రెట్లుంటుంది. అటు 3/8 పైపు 15 మీటర్లలో నీళ్లే సుమారు లీటరు పడతాయి. పైపు బరువుకు ఆ బరువు తోడై, దాన్ని వెనక్కి లాగాల్సిన స్ప్రింగు గట్టిదవుతుంది. ఆ గట్టిదనాన్ని రోజంతా మోసేది కడిగే కుర్రాడి భుజం.

స్ప్రింగు పనితీరు కొలత టేపుదే. లాగితే బిగుస్తుంది, వదిలితే చుట్టుకుంటుంది. పైపును కావలసినంత లాగి, టిక్కుమన్న చోట ఆపితే రాచెట్ పట్టుకుంటుంది. మళ్లీ కాస్త లాగితే విడుస్తుంది. ఈ పట్టు సరిగా పడని రీలును నేను ఒప్పుకోను. గన్ను నొక్కితే అది ఎలాగూ వెనక్కి తన్నుతుంది. దానికి తోడు పైపు కూడా వెనక్కే లాగుతుంటే మణికట్టు ఏమైపోవాలి? చుట్టేటప్పుడు ముందు మోటారు ఆపి, గన్ను నొక్కి లోపలున్న ప్రెజరంతా వదిలేయాలి. బిగిసిన పైపు డ్రమ్ము మీద సరిగా పరుచుకోదు. చివర చేత్తో పట్టుకుని రీలు దాకా నడిచి వెళ్లాలి. మధ్యలో వదిలేస్తే గన్ను ఎగిరొచ్చి ఎవరి మొహానికి తగులుతుందో చెప్పలేం. కోతల కాలంలో వరికోత మిషన్ల నుంచి రాలిన నల్లరేగడి బురద పైపుకు పట్టేస్తుంది, దాన్ని గుడ్డతో తుడవకుండా డ్రమ్ములోకి పోనివ్వకూడదు. స్ప్రింగు డబ్బా మూతను మాత్రం షెడ్డులో ఎవరూ విప్పకూడదు. బిగువు మీదున్న ఆ ఉక్కుపట్టీ జారితే వేళ్లు తెగుతాయి.

ఇంకో మాట, యజమాని ఒక్కడే కొట్టుకు పోయి రీలు కొనుక్కు రావడం నాకు నచ్చదు. కడిగే కుర్రాణ్ణి వెంటబెట్టుకు వెళ్లాలి. రీలును అతని భుజానికి పైనెక్కడైనా బిగించి చూపించమనాలి. పైపు పూర్తిగా లాగమని, రెండు మూడు చోట్ల ఆపమని, మళ్లీ చుట్టమని అతనికే ఇవ్వాలి. ‘బరువుగా ఉంది సార్’ అంటే ఆ మాట నమ్మాలి. కొట్టువాడు ‘వాడకంలో వదులవుతుందిలే’ అంటాడు, వినొద్దు. నచ్చాక, ఆ స్వివెల్‌కు పట్టే సీళ్ల సెట్టు ఆ కొట్లోనే దొరుకుతుందో లేదో అడిగి, ఒకటి అప్పుడే కొని పెట్టుకోవాలి. సీళ్లు దొరకవంటే ఎంత చవగ్గా ఇచ్చినా ఆ రీలు వద్దు.