దగ్గే ముందు బిగించాలి

ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ఆపరేషన్ చేయించుకున్న మగవాళ్లలో చాలామంది బయటికి చెప్పుకోని బాధ ఒకటుంది. తుమ్మినా, దగ్గినా, కుర్చీలోంచి లేచినా, బియ్యం సంచి ఎత్తినా మూత్రం చుక్కలుగా కారిపోతుంది. నాకూ అంతే అయింది. పెళ్లిళ్లకి వెళ్లడం మానేశాను.

ప్రోస్టేట్ గ్రంథిని తీసేసినప్పుడు, మూత్రాశయం మెడ దగ్గర మన ప్రమేయం లేకుండానే మూసుకుని ఉండే కట్టు కూడా దెబ్బతింటుంది. ఇక భారమంతా దాని కింద ఉన్న కండరాల మీదే. వాటిని బిగించి వదులుతూ బలం పట్టించే వ్యాయామాన్ని 1948లో ఆర్నల్డ్ కెగెల్ అనే అమెరికన్ డాక్టరు కాన్పులైన ఆడవాళ్ల కోసం ప్రచారంలోకి తెచ్చారు. హఠయోగంలో మూలబంధం సాధన చేసినవాళ్లకి ఈ బిగింపు కొత్తేమీ కాదు.

చెప్పడానికి తేలికే గానీ, అసలు ఆ కండరం ఎక్కడుందో పట్టుకోవడమే కష్టం. మా ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకోమంది. "నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ వస్తే ఎలా ఆపుకుంటారు సార్? అలా బిగించండి. చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి, అది గట్టిపడకూడదు" అంది. పిరుదులు, తొడలు కదలకూడదు, ఊపిరి మామూలుగా ఆడుతుండాలి. సరిగ్గా కుదిరినప్పుడు అంగం మొదలు లోపలికి లాగినట్టు, వృషణాలు కాస్త పైకి లేచినట్టు తెలుస్తుంది. అయిదు అంకెలు లెక్కపెట్టేదాకా బిగించి, మళ్లీ అంతసేపూ పూర్తిగా వదిలేయాలి. ఇలా పదిసార్లు, రోజుకి మూడు పూటలా. బలం వచ్చేకొద్దీ లెక్క పదిదాకా పెంచుకోవచ్చు.

ఆ వదలడాన్ని చాలామంది పట్టించుకోరు. నా దృష్టిలో సగం సాధన అదే. సడలని కండరం అలసిపోతుంది, అలసిన కండరం అవసరానికి పనికిరాదు. పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి తడి ఎక్కువ కావడానికి కారణం చాలావరకు ఈ అలసటే.

ఇంకో కిటుకు ఉంది. దగ్గు వస్తోందనగానే, లేవబోయే ముందే బిగించాలి. లేచాక బిగిస్తే లాభం లేదు. ఇది అలవాటయ్యాకే నేను మళ్లీ బస్సెక్కాను.

ఆపరేషన్ తర్వాత మూత్రం కోసం పెట్టిన ట్యూబు ఉన్నన్నాళ్లూ ఈ వ్యాయామం చేయకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని రోజూ సాధనగా పెట్టుకోకూడదు. కారుతుందన్న భయంతో నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మూత్రాశయానికి మంట పెడుతుంది, మూత్రానికి వెళ్లాలన్న తొందర ఇంకా పెరుగుతుంది. కాఫీ, టీలు తగ్గించుకుంటే మేలు.

ఎక్కువమందికి కొన్ని నెలల్లోనే గుణం కనిపిస్తుంది, కొందరికి ఏడాది పడుతుంది. అప్పటికీ తగ్గకపోతే వేరే చికిత్సలున్నాయి, సిగ్గుపడకుండా యూరాలజిస్టుని అడగండి. ఆపరేషన్ తేదీ ఖాయమైనవాళ్లకి నాదొక్కటే మనవి: కోత పడేదాకా ఆగొద్దు, ఆ కండరాన్ని ఇప్పుడే గుర్తుపట్టి సాధన మొదలుపెట్టండి.