ఇంట పుట్టిన గుర్రపుపిల్ల: జెనోఫోన్, పొడ్‌హైస్కీ

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన జట్టు స్వర్ణం గెలిచిన రోజునే చాలామంది తెలుగువాళ్ళు డ్రెస్సాజ్ అన్న మాట మొదటిసారి విని ఉంటారు. రౌతు గొంతెత్తడు. చేతులు కదిలినట్టు కూడా కనిపించవు. గుర్రం మాత్రం నడక నుంచి ట్రాట్‌కు, ట్రాట్ నుంచి క్యాంటర్‌కు మారుతూ, పక్కకు అడ్డంగా జరుగుతూ, ఉన్నచోటనే లయగా అడుగులు వేస్తూ పోతుంది. మనం చూసేది కొద్ది నిమిషాలే. ఆ నిమిషాల వెనక ఉన్న ఏళ్ళ గురించి ఎందరో రాశారు. వాటిలో రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చదవడం నాకిష్టం. మొదటిది క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఏథెన్స్‌వాడైన జెనోఫోన్ స్వారీ మీద రాసిన చిన్న గ్రంథం. రెండోది వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్‌ను 1939 నుంచి పాతికేళ్ళు నడిపిన ఆలోయిస్ పొడ్‌హైస్కీ 1965లో జర్మన్ భాషలో వెలువరించిన శిక్షణ గ్రంథం.

రెంటినీ నేనడిగే ప్రశ్న ఒకటే. సొంత గోడిగకు పుట్టిన పిల్లను ఎవరు తీర్చిదిద్దాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి?

జెనోఫోన్ జవాబు మొదటి చదువులో నిరుత్సాహపరుస్తుంది. పిల్లకు స్వారీ నేర్పే పని నీది కాదు అంటాడు. కుర్రవాడైతే తన ఒంటిని, తన స్వారీని చూసుకోవాలి. పెద్దవాడైతే ఇల్లు, స్నేహితులు, రాజకీయం, యుద్ధం చూసుకోవాలి. కొడుకును ఒక విద్య నేర్చుకోవడానికి గురువు దగ్గర పెట్టినట్టు పిల్లనూ శిక్షకుడికి అప్పగించాలి. అది తిరిగొచ్చేనాటికి ఏమేం నేర్చి ఉండాలో ముందే రాసుకోవాలి. తోటి శ్రీమంతుల కోసం రాస్తున్న శ్రీమంతుడి మాట ఇది, నిజమే. అయినా ఆ వెంటనే వచ్చే కొద్ది వాక్యాల కోసమే ఈ గ్రంథాన్ని ఎన్నిసార్లయినా చదవవచ్చు. పిల్ల శిక్షకుడి దగ్గరికి వెళ్ళేలోగా మనిషిని ప్రేమించడం నేర్చుకుని ఉండాలి; ఆ బాధ్యత మాత్రం యజమానిదే అంటాడు. ఆకలి, దాహం, ఈగల బాధ ఒంటరిగా ఉన్నప్పుడు తెలియాలి. తిండి, నీళ్ళు, ఆ బాధల నుంచి ఉపశమనం మనిషి చేతి మీదుగా అందాలి. ఏ చోట నిమిరితే దానికి హాయిగా ఉంటుందో అక్కడ నిమరాలి. జనం మధ్య నుంచి, చప్పుళ్ళ మధ్య నుంచి నడిపించాలి. అది బెదిరితే కొట్టకూడదు, భయపడాల్సిందేమీ లేదని నెమ్మదిగా చూపించాలి. సాయీసుకు ఈ సంగతులన్నీ యజమానే చెప్పి ఉంచాలి.

పొడ్‌హైస్కీ దగ్గర ఈ మొదటి అధ్యాయం దాదాపు కనిపించదు. ఆయన పుస్తకం అసలు కథ పిల్ల వియన్నా చేరాకే మొదలవుతుంది. అప్పటికి దానికి నాలుగేళ్ళు వస్తుంటాయి. అది ఆస్ట్రియాలోని పీబర్ అశ్వక్షేత్రంలో పుట్టి, తోటి మగపిల్లల గుంపుతో వేసవుల్లో కొండ పచ్చికల మీద తిరిగి పెరిగిన లిపిజాన్ జాతి గుర్రం. రాళ్ళూ వాలులూ దాని కాళ్ళకు బలాన్నిచ్చాయి. ఎంత హద్దు మీరితే ఎదుటిది తంతుందో తోటి పిల్లలు నేర్పాయి. ఆ నేర్పు విలువ ఇంట ఒంటరిగా, ముద్దుగా పెరిగిన మగపిల్లను చూసినవాళ్ళకు తెలుస్తుంది. అది మనిషంటే భయపడదు, నిజమే. కానీ మనిషిని భుజంతో నెట్టేస్తుంది, జేబులు వెతుకుతుంది, కోపం వస్తే మరో గుర్రాన్ని కరిచినట్టే కరుస్తుంది. జెనోఫోన్ మృదుత్వాన్ని అరకొరగా చదివి పాటించేవారికి ఎదురయ్యే ప్రమాదం ఇదే. పిల్లకు ప్రేమతో పాటు సాటి గుర్రాల సావాసమూ కావాలి. ఈ విషయంలో నా మొగ్గు పీబర్ వైపే.

పిల్ల బడికి చేరాక మాత్రం పొడ్‌హైస్కీకి సాటి లేదు. మొదట వీపు మీద ఎవరూ లేకుండా, పొడవాటి తాడుతో గుండ్రంగా తిప్పుతూ లయ నేర్పుతాడు. తర్వాత జీను, ఆ తర్వాత రౌతు. మొదటి దశలో కోరేది చాలా తక్కువ: ముందుకు, తిన్నగా, ఉత్సాహంగా నడవడం. మనిషి బరువు మీద పడగానే కోల్పోయే సమతూకాన్ని గుర్రం మళ్ళీ తానే వెతుక్కోవాలి. మలుపులు, పక్క అడుగులు, ఒళ్ళు కూడదీసుకుని నడవడం రెండో దశలో వస్తాయి. ఉన్నచోట అడుగులు వేయడం, ముందుకాళ్ళెత్తి నిలవడం, గాలిలోకి ఎగిరి వెనక కాళ్ళు చాచడం లాంటి ఉన్నత విద్య మూడో దశ. ఇదంతా పూర్తికావడానికి ఏళ్ళు పడుతుంది. ఏ మెట్టు దగ్గర తడబడినా దాని కింది మెట్టుకు దిగాలంటాడు. గుర్రం ఎదురు తిరిగిందంటే తప్పు ముందు తనలో వెతుక్కోమని రౌతుకు చెబుతాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో నీరో అనే గుర్రం మీద కాంస్యం గెలిచిన మనిషి మరో పుస్తకానికి తన గుర్రాలనే గురువులుగా చెప్పుకునే పేరు పెట్టాడంటే అది వట్టి వినయం కాదు. ఆ బడిలో కొత్త రౌతుకు స్వారీ నేర్పేది నిజంగానే ముసలి గుర్రం. కొత్త గుర్రానికి నేర్పేది తలపండిన రౌతు. ఇద్దరు కొత్తవాళ్ళను ఒకచోట కలపరు.

జెనోఫోన్‌ను మృదుస్వభావిగా మాత్రమే గుర్తుంచుకునే వాళ్ళు ఆయన చెప్పిన కళ్ళేల సంగతి దాటేస్తారు. రెండు కళ్ళేలు ఉంచుకోమంటాడు, ఒకటి నున్ననిది, ఒకటి ముళ్ళ బిళ్ళలున్నది. ముళ్ళ కళ్ళెం రుచి చూపించాక గుర్రం నున్నని కళ్ళేన్ని ఇష్టంగా ఒప్పుకుంటుందని ఆయన వాదన. బలవంతంతో చేయించినదానిలో అందం ఉండదని, నాట్యకత్తెను కొరడాతో కొట్టి ఆడించినట్టేనని సైమన్ అనే పాత గురువును తలచుకుంటూ చెప్పిన నోటితోనే ఈ మాటా వచ్చింది. రికాబులు లేని కాలం, ఒక చేత్తో ఈటె విసరాల్సిన రౌతు, కారణం అర్థమవుతుంది. అయినా గుర్రం నోట్లో ముళ్ళు పెట్టే సలహాను నేను ఒప్పుకోలేను. పొడ్‌హైస్కీ మెత్తని కళ్ళెంతో మొదలుపెడతాడు. రెండో కళ్ళెం తగిలించేది గుర్రం మొదటిదాన్ని నమ్మి నిలకడగా ఒప్పుకున్న తర్వాతే. ఇరవై మూడు శతాబ్దాల తర్వాత వచ్చిన నిజమైన ముందడుగు ఇది.

పిల్ల వయసు దగ్గర జెనోఫోన్ మౌనం వహిస్తాడు. ఏ ఏట పని మొదలుపెట్టాలో చెప్పడు. వింతేమిటంటే ఆ జవాబు మన దగ్గరే ఉంది. కౌటిల్యుడి అర్థశాస్త్రం అశ్వాధ్యక్ష ప్రకరణంలో పిల్ల దాణాను నెల నెలా లెక్కగట్టి, నాలుగైదేళ్ళు వచ్చాకే గుర్రం పూర్తిగా ఎదిగి పనికి తగినదవుతుందని తేల్చారు. గుర్రం ఎముకల్లో చివరగా గట్టిపడేవి వెన్నెముకవే, అదీ అయిదారేళ్ళ వయసులో. మనం కూర్చునేది సరిగ్గా అక్కడే. ఇవాళ మలక్‌పేట పందేల్లో రెండేళ్ళ గుర్రాలు పరుగెత్తుతాయి. జర్మనీలో రెండున్నరేళ్ళ మగపిల్లలు జాతి పెంపకానికి ఎంపిక కోసం జనం ముందు నిలబడతాయి. డ్రెస్సాజ్‌లో అయిదేళ్ళ గుర్రాలకు ప్రపంచ స్థాయి పోటీ ఉంది. అందులో రాణించాలంటే మూడో ఏటనే పని జోరందుకోవాలి. అదే ఆట అంతర్జాతీయ గ్రాండ్ ప్రి స్థాయికి వచ్చేసరికి ఎనిమిదేళ్ళు నిండాలన్న నియమం పెట్టింది. కింద తొందర, మీద ఓపిక. ఈ పొందికలేనితనం నన్ను కలవరపెడుతుంది. చిన్నతనంలోనే తళుక్కుమన్న ట్రాట్‌కు వేలంలో ధర పలుకుతుంది, నెమ్మదిగా ఎదిగే పిల్లకు పలకదు.

ఇక్కడే పొడ్‌హైస్కీ పుస్తకం లోపమూ బయటపడుతుంది. ఆయన ఓపిక వెనక ఒక సంస్థ ఉంది. 1572 నాటికే ప్రస్తావనలున్న బడి, 1735లో పూర్తయిన భవనం, గుర్రాన్ని వెంటనే అమ్మాల్సిన అవసరం లేని ఖజానా. 1945లో యుద్ధం ముంచుకొచ్చినప్పుడు కూడా ఆయన పోరాడింది ఆ గుర్రాలు, ఆ బడి చెదిరిపోకుండా ఉండాలనే. ఒక్క గోడిగ, ఒక్క పిల్ల ఉన్న ఇంటి పెంపకందారుకు అలాంటి అండ లేదు. పైగా పిల్ల పుట్టిన రాత్రి దాన్ని తుడిచిన చేతులకు దాని లోపాలు కనపడవు. వెనక కాలు కాస్త బద్ధకంగా పడినా తల్లి పోలిక అనుకుంటాం. బయటి కళ్ళు కావాలి. పరాయి శిక్షకుడికి ఒప్పందం మీద అప్పగించమన్న జెనోఫోన్ మాట, మొదట అహంకారంలా వినిపించినది, ఈ వెలుగులో ఎంతో తెలివైనదిగా కనిపిస్తుంది.

కాబట్టి జెనోఫోన్ చెప్పిన ఆ ఒప్పందాన్నే నేను రాయిస్తాను, షరతులు మాత్రం పొడ్‌హైస్కీవి పెడతాను. మూడేళ్ళు నిండాక కొన్ని వారాలు తాడు మీద పని, రౌతు బరువు రుచి చూపడం, తర్వాత మళ్ళీ పచ్చికకు. నాలుగో ఏట తిన్నని దారుల్లో ముందుకు స్వారీ, చిన్న వలయాలు వద్దు. ఒక పనిని బాగా చేసిన చోటే దిగిపోవాలి, విశ్రాంతి ఆ చోటనే అందాలి. ఈ ఒక్కటి జెనోఫోన్‌ది, దాన్ని ఎవరూ మెరుగుపరచలేదు. రెండో కళ్ళెం ఎప్పుడన్నది గుర్రాన్ని చూసి నిర్ణయించాలి, తేదీని చూసి కాదు. నెలకోసారి నేను వచ్చి చూస్తాను, సలహా చెప్పను. అయిదేళ్ళ గుర్రాల పోటీకి పేరు ఇవ్వాలంటే ముందు నన్ను అడగాలి, నేను వద్దంటాను.