మరణశయ్య వద్ద రాజ్యాధికారం: ఒక తీర్పు, మూడు పేర్లు

2018 మార్చి 9వ తేదీన సుప్రీంకోర్టుకు చెందిన ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, కామన్ కాజ్ అనే సంస్థ 2005లో దాఖలు చేసిన పిటిషన్‌పై తీర్పు చెప్పింది. కోలుకునే ఆశ లేని రోగికి ప్రాణాన్ని నిలిపి ఉంచే చికిత్సను ఆపవచ్చుననీ, అట్టి స్థితి వస్తే తనకు ఏ చికిత్స చేయాలో, ఏది చేయకూడదో మనిషి ఆరోగ్యంగా ఉన్నప్పుడే రాసిపెట్టుకోవచ్చుననీ ఆ తీర్పు సారాంశం. తెలుగు పత్రికలలో దీనికి కారుణ్య మరణం అని పేరు. హిందీ పత్రికలు ఇచ్ఛామృత్యువు అంటాయి. ఉర్దూ ధర్మవేత్తల రచనలలో ఖత్ల్ బ జజ్బయె రహమ్, అంటే దయాభావంతో చేసే హత్య అని కనిపిస్తుంది. ఒకే సంగతికి ఒక భాష కరుణ అనీ, ఒక భాష కోరిక అనీ, మరొక భాష హత్య అనీ పేరు పెట్టింది. విచారణ మొదలు కాకముందే మూడు తీర్పులు వెలువడినట్లయింది!

అనువాదం వృత్తిగా గలవాడు ఇటువంటి చోట ఆగకుండా ముందుకు పోలేడు. ఈ మూడు పేర్లూ తప్పుదారి పట్టించేవే. ఎందుకంటే పేరు ఒకటే గాని దాని కింద ఉన్న పనులు రెండు. మందు ఎక్కించి రోగి ప్రాణం తీయడం ఒక పని. ప్రయోజనం లేదని తేలిన చికిత్సను ఆపి, రోగాన్ని దాని దారిన పోనివ్వడం మరొక పని. కోర్టు మొదటిదాన్ని అనుమతించలేదు. రెండవదాన్నే అనుమతించింది. అయితే ఆంగ్ల న్యాయశాస్త్రాన్ని అనుసరించి, రెండింటినీ ఒకే ఇంటి పేరుతో పిలిచి, ఒకదానికి క్రియారూపమనీ మరొకదానికి నిష్క్రియారూపమనీ విశేషణాలు తగిలించింది. తెలుగులోకి వచ్చేసరికి ఆ విశేషణాలు జారిపోయి ఇంటి పేరు ఒక్కటే మిగిలింది.

పైగా ఈ రెంటికీ చెందని సంగతులు కూడా ఆ పేరు కింద చేరిపోయాయి. 2004లో హైదరాబాదులో కండరాల క్షీణత వ్యాధితో మరణశయ్యపై ఉన్న ఒక యువ చదరంగ క్రీడాకారుడు, తన అవయవాలు పాడుకాకముందే వాటిని దానం చేయనివ్వాలని కోరాడు. మెదడు మరణించినట్లు నిర్ధారణ కానిదే అవయవాలు తీయడానికి చట్టం ఒప్పుకోదు గనుక ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిరాకరించింది. ఆ యువకుడు అదే డిసెంబరులో మరణించాడు. అతడు కోరినది చికిత్స ఆపమని కాదు, దానం చేయనివ్వమని. ఆ కోరిక వెనుక ఉన్న మనసు గొప్పదే. కాని బతికున్నవాని అవయవాలు తీసి ఆ తీయడంతోనే ప్రాణం పోయేలా చేయడం మొదటి రకం పనిలోకే వస్తుంది.

పేర్ల గురించి ఇంత చర్చ ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. ఫలితం ఇళ్ళల్లో కనిపిస్తున్నది. పెద్దాయన ఐ.సి.యు.లో వెంటిలేటర్ మీద ఉంటాడు. డాక్టర్లు చేతులెత్తేశారు. కొడుకులు మసీదుకు వచ్చి ఇమాంగారిని అడుగుతారు. ఆయనకు తెలిసిన పేరులోనే ఖత్ల్ అనే మాట ఉన్నది గనుక, హరాం అంటారు. అక్కడినుండి భూమి పోతుంది, ఆడవాళ్ళ నగలు పోతాయి, అప్పు మిగులుతుంది. లేదా, ఆ ఖర్చు భరించలేనివారు, డాక్టర్ల సలహాకు విరుద్ధంగా తీసుకుపోతున్నామని కాగితంపై సంతకం చేసి, రోగిని అంబులెన్సులో ఇంటికి తీసుకుపోతారు. దారిలోనో, ఇంటి గుమ్మంలోనో గొట్టం తీసేస్తారు. నొప్పి తగ్గించే మందు కూడా ఇచ్చే దిక్కు ఉండదు. ఈ రెండు విధాల్లోనూ షరీఅత్ నిజంగా ఏమన్నదో ఎవరూ వినలేదు.

ప్రాణం తీయడం విషయంలో భేదాభిప్రాయం లేదు. నిసా సూరా 29వ ఆయతు, మాయిదా సూరా 32వ ఆయతు తెలిసిన విషయాలే. గాయం బాధకు ఓర్వలేక తన చేతిని తానే కోసుకొని ప్రాణం తీసుకున్న వ్యక్తిని గురించిన హదీసు బుఖారీలో ఉన్నది. రోగి స్వయంగా కోరినా, డాక్టరు జాలితో చేసినా ఆ పని ధర్మసమ్మతం కాదు. ఇక చికిత్సను వదిలివేయడం సంగతి వేరు. ఔరంగజేబు కాలంలో సంకలనమైన ఫతావా ఆలంగీరీలో సాధనాలను మూడు తరగతులుగా విభజించారు. దాహానికి నీరు, ఆకలికి రొట్టె వంటివి నిశ్చితమైనవి. రక్తం తీయించడం, విరేచనం వంటి చికిత్సలు సంభావ్యమైనవి. వాతలు పెట్టించుకోవడం, మంత్రించడం వంటివి ఊహమాత్రమైనవి. నిశ్చితమైనదాన్ని వదలి మరణించడం నిషిద్ధం. సంభావ్యమైనదాన్ని వదలిన వ్యక్తి పాపి కాడు.

కొందరు ఈ ఒక్క ఉల్లేఖనం చూపి వాదం ముగిస్తారు. అది సరికాదు. ఆలంగీరీ కాలపు వైద్యుని చేతిలో ఉన్నది కత్తి, కషాయం. నేడు సంభావ్య తరగతిలోని ఎన్నో మందులు నిశ్చితమైనవాటి దగ్గరకు చేరాయి. అందుకే అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1992 జిద్దా తీర్మానంలో, వదిలివేస్తే ప్రాణానికో అవయవానికో నష్టం కలిగే చోట చికిత్స విధి అన్నది. తరగతులు అలాగే ఉంటాయి, వాటిలోని వస్తువులు చోటు మారతాయి. కట్లపాము కరిచి ఊపిరి ఆగిపోతున్న పాలేరు కుర్రవానికి వెంటిలేటర్ దాహానికి నీరు వంటిది, కొద్ది రోజులు ఆడితే లేచి నడుస్తాడు. ఒళ్ళంతా కాన్సర్ పాకిన ఎనభై ఏళ్ళ వృద్ధునికి అదే యంత్రం చికిత్స కాదు, ఆలస్యం మాత్రమే. యంత్రాన్ని బట్టి కాదు, ఆ రోగికి దానివల్ల ఒనగూరేదాన్ని బట్టి తీర్పు చెప్పాలి.

మెదడు పూర్తిగా, తిరిగిరానివిధంగా ఆగిపోయినవారి సంగతి దీనితో కలపరాదు. 1986 అమ్మాన్ సమావేశంలో అదే అకాడమీ అట్టివారిని మరణించినవారిగా లెక్కించింది. మక్కాలోని ఫిఖహ్ మండలి 1987లో యంత్రం తీయడానికి ఒప్పుకున్నది గాని, గుండె ఆగేదాకా మరణం లెక్కించరాదన్నది. మన చర్చ ఇంకా బతికున్నవారి గురించి.

రోగి ఇష్టానికి ఎంత విలువ ఉన్నదన్నది అసలు ప్రశ్న. దైవప్రవక్త (స) చివరి జబ్బులో ఉన్నప్పుడు జరిగినదాన్ని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పగా బుఖారీలో నమోదయింది. ఇంటివారు ఆయన నోట్లో ఒక పక్కనుండి మందు పోయబోతే, వద్దని సైగ చేశారు. మందంటే రోగికి ఇష్టం ఉండదులే అనుకొని వారు పోశారు. తేరుకున్నాక ఆయన మందలించి, అక్కడ లేని హజ్రత్ అబ్బాస్ (రజి) తప్ప ఇంట్లో ఉన్న ప్రతివారికీ అదే మందు పోయించారు. వారు ప్రేమతోనే చేశారు. అయినా రోగి సైగ చేశాక దాన్ని దాటడానికి ప్రేమ ఆధారం కాలేదు. ఈ హదీసును మన ప్రసంగాలలో అరుదుగా వింటాము.

ఈ వెలుగులో తీర్పుల వరుసను చూద్దాం. 2011 మార్చి 7న అరుణా శాన్‌బాగ్ కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, ఇలాంటి నిర్ణయానికి హైకోర్టు ఆమోదం తప్పనిసరి చేసింది. రోగికి రాజే తండ్రి అనే ప్రాచీన ఆంగ్ల సూత్రం అందుకు ఆధారం. మన ఫిఖహ్‌లో ఇటువంటి సూత్రం లేకపోలేదు. సంరక్షకుడు లేనివానికి పాలకుడే సంరక్షకుడని విలాయత్ అధ్యాయంలో చదువుకున్నాము. కాని ఆ సూత్రంలో పాలకుడు వరుసలో చివరివాడు. తండ్రి, కొడుకు, సోదరుడు ఎవరూ లేనప్పుడు, ఉన్నా వారు ద్రోహం చేసినప్పుడు ఆయన వస్తాడు. 2011 తీర్పు పాలకుణ్ణి ముందు నిలబెట్టి కుటుంబాన్ని వెనుకకు పంపింది. దుర్వినియోగ భయం దానికి కారణం. ఆస్తికోసం తొందరపడే వారసులు ఉంటారన్న భయం నిరాధారం కాదు, ఫిఖహ్ కూడా తన వారసత్వదాతను చంపినవానికి ఆస్తి దక్కనివ్వదు. అయినా, మంచం పక్కన ఉన్న ప్రతి కొడుకునూ అనుమానితునిగా ఎంచి చేసిన ఏర్పాటు న్యాయమైనది కాదు.

2018 తీర్పు కొంత మేలు. మహాకవుల, తత్త్వవేత్తల మాటలతో మొదలయ్యే ఆ తీర్పులో మనిషి హుందాతనాన్ని గురించిన భాగాలు చదవదగినవి. (కవుల భారం కొంత తగ్గించి ఉంటే అనువాదకులు సంతోషించేవారు.) కాని చివరి పేజీలకు వచ్చేసరికి అది ఆఫీసు ఫైలుగా మారింది. ముందస్తు పత్రంపై ఇద్దరు సాక్షులు, మొదటి తరగతి జుడీషియల్ మేజిస్ట్రేటు సంతకం. ఆసుపత్రి వైద్య మండలి ఒకటి, కలెక్టరు నియమించే మరో మండలి. నిపుణులకు ఇరవై ఏళ్ళ అనుభవం. చివరకు మేజిస్ట్రేటే వచ్చి రోగిని చూడాలి. మరణం ఇంతమంది అధికారుల తీరిక కోసం ఆగదు. ఐదేళ్ళపాటు ఈ పద్ధతి ఆచరణకు లొంగలేదు. చివరికి 2023 జనవరి 24న మరొక ఐదుగురు సభ్యుల ధర్మాసనం దీన్ని సవరించింది. నోటరీ లేదా గజిటెడ్ అధికారి సంతకం చాలు. వైద్యులకు ఐదేళ్ళ అనుభవం చాలు. ఒక్కొక్క మండలి సాధ్యమైనంతవరకు 48 గంటల్లో చెప్పాలి. కలెక్టరు తప్పుకున్నాడు, మేజిస్ట్రేటుకు సమాచారం ఇస్తే సరిపోతుంది. వివాదం వస్తే హైకోర్టు ఉండనే ఉన్నది. పన్నెండేళ్ళు తిరిగి రాజ్యం తన చోటుకు, అంటే వరుసలో చివరకు, సాక్షిగా, కావలివానిగా వచ్చి చేరింది. ఈ సవరణను మనవాళ్ళు గమనించినట్లు లేదు. ఇప్పటికీ మన వేదికలపై విమర్శ 2018 వార్తల మీదే సాగుతున్నది.

ముందస్తు పత్రానికి మన భాషలో మరో చిక్కు ఉన్నది. దీన్ని తెలుగులో జీవించి ఉన్నవారి వీలునామా అంటున్నారు, ఉర్దూలో వసీయత్ అంటున్నారు. వసీయత్ మరణం తర్వాతనే అమలవుతుంది, ఇది మరణానికి ముందు అమలు కావలసినది. పోనీ వకాలత్ అందామా అంటే, హనఫీ శాస్త్రంలో అప్పగించినవాని తెలివి దీర్ఘకాలం తప్పితే వకాలత్ రద్దవుతుంది. ఈ పత్రం అవసరమయ్యేదే తెలివి తప్పినప్పుడు! దీని అసలు చోటు ఇజ్న్ అధ్యాయం. రోగి అనుమతి లేకుండా చేయి వేసిన వైద్యుడు నష్టానికి బాధ్యుడని ధర్మవేత్తలు చెప్పారు. ఈ పత్రం ఆ అనుమతిని ముందుగా పరిమితం చేసుకోవడం మాత్రమే. ముందస్తు వైద్యసమ్మతి పత్రం అంటే వీలునామా గందరగోళం తప్పుతుంది. అందులో నొప్పి తగ్గించే మందు, మాట్లాడగలిగినంతవరకు కలిమా గుర్తుచేసే మనిషి, ఐ.సి.యు. బయట కాక పక్కనే కుటుంబం ఉండాలని రాసుకోవడానికి షరీఅత్‌లో ఏ అడ్డంకీ లేదు.

నాకు తీర్పులతో ఒప్పుకోలు కుదరనిది ఆహారం విషయంలో. 2011 కేసులో పిటిషన్ కోరినది ఏ యంత్రాన్నో ఆపమని కాదు. అరుణగారి మీద యంత్రమేదీ లేదు. ఆమెకు తిండి పెట్టడం ఆపమని కోరారు. కోర్టు ఆ కోరికను తిరస్కరించింది, కాని ఆ తిరస్కారానికి ఆహారం ఆహారమే అన్న సూత్రాన్ని ఆధారం చేయలేదు. ఇంగ్లండులో 1993లో ప్రభువుల సభ బ్లాండ్ కేసులో గొట్టం ద్వారా ఇచ్చే పోషణ కూడా వైద్యమే అన్నది. మన కోర్టు ఆ తీర్పును ప్రమాణంగా తీసుకున్నది. ఆలంగీరీ తరగతులలో రొట్టె, నీరు మొదటి వరుసలో ఉన్నాయి. ముక్కు గొట్టం గుండా పోసే గంజి రొట్టె కిందకు వస్తుందా, కషాయం కిందకు వస్తుందా? మరణం రోజుల్లోకి వచ్చినప్పుడు శరీరమే ఆహారాన్ని తీసుకోదు, అప్పుడు బలవంతంగా పోయడం బాధ. కాని ఏళ్ళ తరబడి మంచంలో ఉండి, అరిగించుకోగల మనిషికి ఆపడం ఆకలితో చంపడానికి చాలా దగ్గర. ఈ రెంటి మధ్య గీత గీయవలసినది న్యాయమూర్తులు ఒక్కరే కాదు. మన ముఫ్తీలు వైద్యులను పక్కన కూర్చోబెట్టుకొని చేయవలసిన పని ఇది. యంత్రం గురించి, మెదడు మరణం గురించి అకాడమీలు చెప్పినంత వివరంగా ఈ గంజి గురించి చెప్పాలి.

ముంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సులు ఈ ప్రశ్నకు తమ వరకు జవాబు చెప్పుకున్నారు. 1973 నవంబరులో దాడికి గురైన తమ సహోద్యోగికి తిండి ఆపబోమని కోర్టు ముందు నిలబడ్డారు. ఆమె 2015 మే 18న న్యుమోనియాతో మరణించేవరకు, దాదాపు 42 ఏళ్ళు, వంతులవారీగా ఆమెకు సేవ చేశారు.