బస్సు శబ్దవిచారము

బస్సు శబ్దము పామరులకు సైతము పరిచితము. అది యొక దీర్ఘపదమునకు సంక్షేపమని పలువు రెఱుఁగుదురు. కాని యందు శేషించిన భాగ మెట్టిదో విమర్శించినవా రరుదు.

దీని మూలరూపము 'ఆమ్నిబస్' అను లాటిన్ పదము. 'ఆమ్నిస్' అనఁగా సర్వము. దాని ప్రకృతిపై 'బస్' అను చతుర్థీబహువచనప్రత్యయము చేరఁగా 'అందఱి కొఱకు' అను నర్థము సిద్ధించును. ఫ్రాన్సుదేశమున నాంట్ నగరమందు 1826లో స్టానిస్లాస్ బోద్రీ నడపిన బండ్లకు నీ పేరు గలిగెను. 1828లోఁ బారిసునందును, 1829 జూలై 4వ తేదీన జార్జి షిలిబీరు మూలమున లండనునందును నట్టి బండ్లు వెలసెను. రుసుము చెల్లించిన వా రెల్ల నెక్కవచ్చును గావున నా నామ మన్వర్థము. ఓమ్నెస్ అను టోపీల వర్తకుని యంగడిపలకనుండి యిది పుట్టె ననెడు కథకుఁ బ్రమాణము చాలదు.

అనతికాలముననే యాంగ్లేయులు పూర్వభాగమును విడిచిరి. పదైకదేశలోపము మనకుఁ గ్రొత్త గాదు. దేవదత్తుఁడు దత్తుఁ డగుట, సత్యభామ భామ యగుట భాష్యసమ్మతములు. కాని యందు మిగులునది సార్థకమైన ప్రాతిపదికము. ఇందుఁ బ్రకృతి నశించి ప్రత్యయమాత్రము నిలిచినది. 'సర్వేభ్యః' అనుదాన 'భ్యః' మాత్రము గైకొని బండికిఁ బేరిడినట్లున్నది!

ఇంతమాత్రమున బస్సు సంస్కృతజన్య మనరాదు. పాణిని (4-1-2) పఠించిన భ్యస్సు చతుర్థీపంచములు రెంటను గలదు. లాటిన్ 'బస్' సైత మా రెండర్థములఁ జెప్పును. నభస్సు, నెబ్యులా అనువానియందువలె మధ్యస్థభకారమునకు లాటినున బకారము గానవచ్చును. కావున నీ రెండు ప్రత్యయములకు సోదరభావమే కాని జన్యజనకభావము లేదు. నాదసామ్యము వ్యుత్పత్తికిఁ జాలదు. వర్ణపరిణామనియమమును, ప్రయోగచరిత్రయు రెండును వలయును.

తెలుఁగున నిది యుకారాంతమై 'బస్సు' అయినది. 'బస్సుకొఱకు' అనునపుడు చతుర్థిపైఁ జతుర్థి వచ్చినది గదా, యిది దోషము గాదా యని శిష్యుఁ డడుగవచ్చును. కాదు. రూఢిచేఁ బ్రత్యయత్వము దొలఁగి ప్రాతిపదికత్వము సిద్ధించినది. ఇట్టి పదమును అపభ్రంశమని తిరస్కరించుటయు, సంస్కృతమని సంస్కరింపఁబూనుటయు రెండును దగవు. అన్యదేశ్యమని చెప్పి, దాని చరిత్రను బోధించుటయే యుపాధ్యాయులకు నుచితము.