ఎంపిక, కుదింపు, ధర: హైదరాబాద్ బుక్ ట్రస్ట్ – ఒక విమర్శనాత్మక పరిశీలన

తెలుగు అనువాద విమర్శ సాధారణంగా మూలకర్తను, అనువాదకుణ్ణి ఎదురెదురుగా నిలిపి తూకం వేస్తుంది. ఆ పుస్తకాన్నే ఎవరు ఎంచుకున్నారు, ఎన్ని పుటలకు కుదించమన్నారు, ఎంత ధరకు అమ్మదలచారు అన్న ప్రశ్నలు వ్యాపార విషయాలుగా మిగిలిపోతాయి. 1980లో ప్రారంభమైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురణలను ఈ పద్ధతిలో అంచనా వేయడం సాధ్యం కాదు.

ఈ సంస్థను స్త్రీలు మాత్రమే నెలకొల్పలేదు, సి.కె. నారాయణరెడ్డి పాత్ర సువిదితం. అయితే దశాబ్దాలుగా దాని సంపాదక బాధ్యత ప్రధానంగా గీతా రామస్వామిది. నక్సలైటు ఉద్యమం నుంచి బయటికి వచ్చి, 1980వ దశకంలో ఇబ్రహీంపట్నం ప్రాంతపు దళిత కూలీలతో వెట్టి, భూమి సమస్యలపై పనిచేసిన వ్యక్తి ఆమె. పుస్తకం ఎవరి చేతికి అందాలన్న ప్రశ్న ఆమెకు కేవలం అమ్మకాలకు సంబంధించినది కాదు.

‘ఏడు తరాలు’ను ఈ దృష్టితో చూడాలి. అలెక్స్ హేలీ ‘రూట్స్’కు సహవాసి చేసిన సంక్షిప్తానువాదమిది. మూలనిష్ఠే కొలబద్ద అయితే ఇది లోపభూయిష్ఠం. కుంటా కింటే బాల్యం చుట్టూ అల్లుకొన్న గ్రామజీవనపు నిదానం కుదింపుకు లొంగేది కాదు. ఆ నష్టాన్ని తక్కువ చేసి చూపనక్కరలేదు. కానీ బృహద్గ్రంథం కొనలేని, చదివే తీరిక లేని పాఠకుణ్ణి ముందే ఊహించుకొన్న అనువాదమిది. అటువంటి పాఠకులను అది విస్తృతంగా సంపాదించుకొన్నది కూడా. కాబట్టి ఈ కుదింపును అనువాదకుని అశక్తతగా గాక, ప్రచురణ నిర్ణయంగా చర్చించడం న్యాయం.

స్త్రీశక్తి సంఘటన రూపొందించిన ‘సవాలక్ష సందేహాలు’ (1991) ఇందుకు భిన్నమైన సమస్యను ముందుంచుతుంది. ఇక్కడ ప్రశ్న కుదింపుకు సంబంధించినది కాదు. వైద్యుని ముందు నోరు విప్పలేని ప్రశ్నలే దీనికి ముడిసరుకు. స్త్రీ శరీరం గురించి మాట్లాడటానికి తెలుగులో ఒకవైపు సంస్కృత పారిభాషికత, మరొకవైపు గుసగుస మాత్రమే ఉన్నచోట, సిగ్గుపడని సాధారణ వచనాన్ని నిర్మించవలసి వచ్చింది. ఇది వైద్యానికి సంబంధించినదే గాక శైలికి సంబంధించిన ప్రయత్నం కూడా. ఈ కృషి ఆధారంగా 2004లో వచ్చిన ఆంగ్ల గ్రంథానికి వీణా శత్రుఘ్న, శ్రీవిద్యా నటరాజన్‌లతోపాటు గీతా రామస్వామి కూడా రచయిత్రి.

స్త్రీవాద సాహిత్య చర్చ ఎక్కువగా ‘నీలిమేఘాలు’ (1993) కవితా సంకలనం చుట్టూ సాగుతుంది. అంతకు రెండేళ్ళ ముందే అవే శరీరానుభవాలను వచనంలో చెప్పిన పుస్తకం మాత్రం ఆరోగ్య గ్రంథమన్న పేరుతో సాహిత్య చరిత్రకు వెలుపలే ఉండిపోయింది.